విడిచిన చెప్పులు

ఆ పొద్దు ముసురు పట్టింది. ఆలంపురం గుడి వీధిలో దుకాణాల వాళ్లం పందిళ్ల మీద గోనెపట్టాలు కప్పుతూ, మొదటి బస్సు కోసం చూస్తున్నాం. నేను గాజుల పెట్టెలు తుడుస్తున్నాను. పక్కన కొబ్బరికాయల దుకాణం ఇంకా తెరవలేదు. తలుపు తట్టి, నెట్టి చూశాను. పెద్దమ్మ చాప మీద చల్లబడి ఉంది.

ఆమె నాకు సొంత పెద్దమ్మ కాదు. ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చున్నందుకు ఆ పిలుపు నిలిచిపోయింది. చదివేవారిలో ఎవరైనా జోగులాంబ దర్శనానికి వచ్చి ఉంటే చెప్పులు ఇక్కడ విడవమని పిలిచే ఆమె గొంతు వినే ఉంటారు. మా వీధిలో ఒక కట్టుబాటు ఉంది. యాత్రికుడు ఎవరి బల్ల కింద చెప్పులు విడుస్తాడో వారి దగ్గరే కాయ కొనాలి. అతను తిరిగి వచ్చేదాకా ఆ దుకాణం వాళ్లు అక్కడి నుంచి కదలకూడదు.

“మావి పాత చెప్పులవ్వా, ఎవరెత్తుకపోతరు?” అని ఒకసారి ఒకాయన ఆమెతో అని నవ్వాడు.

“పాతయే పోతయ్ నాయినా. కొత్తయి కరుస్తయని దొంగకు గూడ ఎరుకే.”

కాయను చెవి దగ్గర ఆడించి, లోపల నీళ్లున్నాయని తెలిశాకే చేతిలో పెట్టేది.

ఆమె దుకాణం బస్సు ఆగే చోటికి ఎదురుగా ఉంటుంది. భర్త పోయాక ఆ జాగా మీద మరిది కన్ను పడింది. అతని కొబ్బరికాయల దుకాణం వీధి చివర. యాత్రికులు అక్కడికి చేరేసరికి కాళ్లకు చెప్పులు ఉండేవి కావు. పిల్లలు లేని ఆడదానికి ఆ జాగా ఎందుకని తగువుకు వచ్చేవాడు. ఒకసారి పందిరి గుంజ పీకాడు. ఆమె అదే గుంజతో అతని వీపు చిట్లగొట్టింది. పెద్దమ్మ మెత్తని మనిషని రాస్తే అబద్ధమవుతుంది.

ఒక శివరాత్రి నాడు, బల్ల కింద ముప్పై జతల దాకా ఉన్నప్పుడు, మరిది కాయలు కొట్టే కత్తి పట్టుకుని వచ్చాడు.

“లేస్తవా, నరకాల్నా?”

“గుడికి పోయినోళ్లను రానీ. ఎవరి చెప్పులు వాళ్లకిచ్చి లేస్త. అప్పుడు నరుకు.”

అతను బల్లను తన్నాడు. చెప్పులు చెల్లాచెదురు కాకుండా ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టింది. కత్తి పడింది. ఎడమ చేతి వేళ్లు రెండు తెగి చెప్పుల మధ్య పడ్డాయి. నేను గాజుల పెట్టెల మీద నుంచి దూకి, గుంజ అందుకుని అతని మోచేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. కింద పడ్డాక కూడా కొట్టాను. అతని తల మీదకు గుంజ ఎత్తినప్పుడు ఆమె నా కాలు పట్టుకుంది.

“సాలు బిడ్డా. సస్తడు.”

ఆమె ఆపకపోతే చంపేవాణ్ణి. ఈ మాట ఆమెకు ఏనాడూ చెప్పలేదు.

చేతికి కొంగు చుట్టుకుంటూ వెంటనే పని చెప్పింది. “నీళ్లు పొయ్యి జల్ది. బస్సొస్తాంది. దిగంగనే నెత్తురు చూస్తే మల్ల ఎవడొస్తడు గీ ఊరికి? నీ గాజులు ఎవరికి అమ్ముతవ్?”

బిందెల కొద్దీ నీళ్లు గుమ్మరించాం. ఆమె చివరి జత ఇచ్చేదాకా కదలలేదు. ఒక జత మీద రక్తం పడితే తుడిచి ఇచ్చింది. ఆ తర్వాతే దవాఖానకు వెళ్లింది. పోలీసులు అడిగితే కాయ కొడుతుంటే తెగిందని చెప్పింది.

“మరి నీ మరిది చెయ్యి?”

“వాడు బండ మీద జారి పడ్డడు.”

వీధి వీధంతా అదే చెప్పింది. అతని చెయ్యి వంకరగా అతుక్కుంది. మళ్లీ మా వైపు రాలేదు.

పెద్దమ్మకు కొరివి పెట్టవలసింది ఆ మరిదే. కబురు అందుకుని వస్తున్నాడని తెలిసి, జాగా కోసమే అనుకుని ఆమె బల్ల వెనక కూర్చుని కొబ్బరి కత్తి నా ఒళ్లో పెట్టుకున్నాను. అతను వానలో తడుస్తూ వచ్చి ఆమె బల్ల కింద చెప్పులు విడిచాడు.

“జర చూస్తుండు,” అన్నాడు నాతో.

కట్టుబాటు కట్టుబాటే. పాడె నది వైపు కదిలింది. నేను అతని చెప్పులకు కాపలాగా ఉండిపోయాను.

మధ్యాహ్నం తడి బట్టలతో తిరిగి వచ్చాడు. కాళ్లు చెప్పుల్లో పెట్టి ఆగాడు.

“చెప్పులు ఇడిసిన. కాయ తీస్కోవాలె గద.”

మైలలో ఉన్నవాడు గుడికి పోకూడదు. ఆ కాయ కొట్టేందుకు అతనికి చోటు లేదు. అయినా గంపలోంచి ఒకటి తీసి, చెవి దగ్గర ఆడించి ఇచ్చాను. వంకర చేత్తో పట్టు చిక్కక రెండు చేతులా అందుకున్నాడు.

“జాగా?” అన్నాను.

“నువ్వే కూసో.”

దినాలు అయిన మర్నాడు, మొదటి బస్సుకు, వీధి చివరి దుకాణం ఎత్తేసి మరిదీ అతని భార్యా కర్నూలు వెళ్లిపోయారు.