చెల్లెలి కోసం వచ్చిన సంబంధం

జెమీమాను చూడటానికి ఎవరూ రాలేదు. ఆ రోజు బాపట్లలో పాస్టరు ఏసుదాసు ఇంటికి వచ్చిన పెళ్లివారు ఆయన చిన్నకూతురు ఫెబిని చూడటానికి వచ్చారు. పెళ్లికొడుకు ప్రసన్న కుమార్ అరగంట కూర్చున్నాడు. ఫెబి నవ్వుతూ టీ అందించింది. పెద్దకూతురు జెమీమా వంటింట్లో ఉండిపోయింది. అమ్మాయి నచ్చిందని పెళ్లికొడుకు తల్లి చెప్పగానే ఏసుదాసు గొంతు సవరించుకున్నాడు.

"పెద్దది ఉండగా చిన్నదాని పెళ్లి మా ఇంట్లో జరగదమ్మా. యాకోబు కాలం నుంచీ ఉన్న పద్ధతి. పెద్దదానికి ఐర్లండులో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆలోచించుకోండి."

వాళ్లు ఆలోచించుకుని, పెద్దమ్మాయినే చేసుకుంటామన్నారు. జెమీమాకు అప్పుడు సంతోషమే కలిగింది. అందులోని అవమానం కాపురానికి వచ్చాక మెల్లగా తెలిసింది.

ఐర్లండులో డబ్లిన్‌కు దగ్గర్లోని నేస్‌లో ఇల్లు తీసుకున్నారు. ఆమెకు వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో పని, అతనికి గోడౌనులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పని. ప్రసన్న మాట తక్కువ మనిషి. చలికాలంలో ఆమెకు ఉదయం డ్యూటీ ఉంటే ముందే లేచి, కారు అద్దం మీద మంచు గీకి, హీటర్ వేసి వచ్చి మళ్లీ పడుకునేవాడు. జెమీమా దాన్ని ప్రేమ అనుకోలేదు. అతను ఊరికే కిటికీలోంచి బయటికి చూస్తున్నా, ఫెబి గుర్తొచ్చిందేమో అనుకునేది. అడగలేదు. ఔనంటాడేమోనని భయం. అబిగేయిల్ పుట్టింది, తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు, ఆ భయం మాత్రం పోలేదు.

కొన్నేళ్లకు ఫెబి కూడా పెళ్లి చేసుకుని భర్త జీవన్ కుమార్‌తో నేస్‌కు దగ్గర్లోని మెయ్‌నూత్ వచ్చింది. అతను అక్కడ యూనివర్సిటీలో చదువుకున్నాడు, ఆమె ముసలివాళ్లని చూసుకునే కేరర్‌గా చేరింది. జెమీమా ఎప్పుడు వెళ్లినా జీవన్ ఉల్లిపాయలు తరుగుతూ ఉండేవాడు, ఫెబి పక్కన కబుర్లు చెబుతూ ఉండేది. అలా వెళ్లిన రోజున ఇంటికొచ్చాక జెమీమా మొగుడి మీద అయినదానికీ కానిదానికీ విసుక్కునేది. ఫెబికేమో పిల్లల్లేరు. డాక్టర్ల చుట్టూ తిరిగినా గర్భం నిలవలేదు. నేస్ వచ్చినప్పుడల్లా అక్క చిన్నకొడుకుని ఒళ్లోంచి దించేది కాదు.

ఒక ఆదివారం జెమీమా ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. ఫెబి జడ వేస్తుంటే అబిగేయిల్ ఇంగ్లీషులో, నువ్వే మా అమ్మవైతే ఎంత బాగుండేది పిన్నీ అంది. ఆ మాట జెమీమా చెవిన పడింది. భోజనాల దగ్గర ఒకావిడ జాలిగా, "ఫెబి కోసం అందరం ఉపవాసం ఉందామా?" అని అడిగింది. జెమీమా అన్నం వడ్డిస్తూ తలెత్తకుండా జవాబిచ్చింది.

"ఇవ్వాల్సిన వాళ్లకి దేవుడు అడక్కుండానే ఇస్తాడు. ఇవ్వలేదంటే ఎందుకో ఆయనకి తెలుసు."

ఫెబి ప్లేటు కింద పెట్టేసింది. "నీదేమన్నా నేను తీసుకున్నానా అక్కా?"

 జెమీమా కళ్లు ప్రసన్న వైపు వెళ్లాయి. అందరూ చూశారు. ఫెబికి అర్థమయ్యేసరికి ముఖం తెల్లబోయింది. "ఇన్నేళ్లూ ఇదా నీ మనసులో ఉన్నది?" అంది. జీవన్ వెళ్లి ఇద్దరి చలికోట్లూ తెచ్చాడు, ఇద్దరూ వెళ్లిపోయారు.

రాకపోకలు ఆగిపోయాయి. రెండేళ్ల తర్వాత జీవన్ ఒక్కడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఫెబికి ఐదో నెల. ఏం తిన్నా వాంతే. గోంగూర కావాలంటోంది. మీరు పెరట్లో వేస్తారుగా..."

ప్లాస్టిక్ షీటు కప్పి పెంచిన గోంగూరను జెమీమా ఏటా ఫ్రీజర్‌లో దాచేది.  ఐదో నెల అన్న మాట వినగానే, ఆ ఆదివారం తన మాటతో మూసేసిన తలుపును దేవుడు తీశాడని ఆమెకు తెలిసింది.

"ఈ ఏడు సరిగ్గా రాలేదు జీవన్," అంది.

మెట్ల మీంచి అబిగేయిల్, ఫ్రీజర్ నిండా ఉంది కదా అని ఇంగ్లీషులో అరిచింది. "మామ్, దేరీజ్ లోడ్స్ ఇన్ ద ఫ్రీజర్!"

జీవన్ తల దించుకుని, "పర్లేదు వదినా," అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే జెమీమా గోంగూర పొట్లాలు సంచిలో పెట్టింది. ఏ ముఖంతో వెళ్లాలో తెలియక మర్నాటికి వాయిదా వేసింది. ఆ తర్వాత సంచి మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లింది. ఫెబికి కొడుకు పుట్టిన సంగతి చర్చివాళ్లు చెబితే తెలిసింది. జీవన్‌కు కార్క్ నగరం దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి వాళ్లు అటు మారిపోయిన సంగతి కూడా అలాగే తెలిసింది.

కొన్నేళ్లకు బాపట్లలో ఏసుదాసు మంచం పట్టాక ఒకరోజు ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, పెద్దది ముందు అన్నది ఎవరో తెలుసా? లాబాను. యాకోబుకి చిన్నకూతురు రాహేలుని ఇస్తానని చెప్పి పెద్దకూతురు లేయాని అంటగట్టిన మామ. ఆ మోసగాడి మాటని దేవుడి మాటలా చెప్పి మీ ఇద్దరి మధ్యా చిచ్చు పెట్టాను. కానీ దేవుడు లేయా కన్నీళ్లు చూశాడమ్మా, పిల్లల్నిచ్చాడు. నిన్నూ చూశాడు."

"చూశాడు నాన్నా. నన్ను ఓదార్చడానికి ఇచ్చిన పిల్లల్ని అడ్డుపెట్టుకుని నేను చెల్లెల్ని మాటలతో కొట్టాను," అని జెమీమా ఏడ్చింది.

ఫోన్ పెట్టేసి, పెరట్లో గడ్డి కోస్తున్న ప్రసన్న దగ్గరికి వెళ్లింది. "ఫెబిని చేసుకోనందుకు బాధపడ్డారా?"

అతను మిషను ఆపాడు.  "ఆ అమ్మాయిని అరగంట చూశాను. నిన్ను ఇన్నేళ్లుగా చూస్తున్నా. ఒక్కసారైనా అడిగావా?"

"అడిగుంటే?"

"అడిగుంటే ఇన్నేళ్లూ హాయిగా బతికేవాళ్లం కదే."

ఆ వారాంతమే అతను ఆమెను కార్క్ తీసుకెళ్లాడు. ఫెబి తలుపు తీసింది. కౌగిలించుకోలేదు, పొమ్మనలేదు. జెమీమా క్షమించమని అడిగితే, "అయిపోయిందిలే అక్కా, కూర్చో," అని టీ పెట్టడానికి వెళ్లింది. ఫెబి కొడుకు, నాలుగేళ్ల కెవిన్, బొమ్మ ట్రాక్టరుతో వచ్చి, చర్చిలో ఇండియన్ ఆడవాళ్లందరినీ పలకరించినట్టే, "హలో ఆంటీ," అన్నాడు.

పెద్దమ్మ అనాలిరా అని చెల్లెలు చెబుతుందేమోనని జెమీమా ఎదురుచూసింది. ఫెబి విన్నది. కప్పుల్లోకి టీ వంచుతూ ఉండిపోయింది.

ఇప్పుడు వీలైనప్పుడల్లా వెళ్తుంటారు. ఫెబి మర్యాదగా చూస్తుంది, వచ్చేటప్పుడు పచ్చడి సీసా కట్టి ఇస్తుంది. కెవిన్ ఇంకా ఆంటీ అనే పిలుస్తాడు. జెమీమా సరిదిద్దదు.