సోమాభాయికి వేరే గిన్నె

ఇవాళ పొద్దున ఆసుపత్రికి వెళ్తుంటే, సూరత్ శివార్లలోని ఉన్ బస్తీలో ఏదో ఇంటి పొయ్యి మీద రాగిరొట్టె కాలుతున్న వాసన వచ్చింది. జంగుబాయక్క గుర్తొచ్చి స్కూటర్ నెమ్మది చేశాను. అక్క మా చిన్న ఆసుపత్రిలో నర్సుగా ఉండేది. ఆదిలాబాద్ గోండు గూడెంలో పుట్టి, రైల్వేలో పనిచేసే భర్త వెంట సూరత్ వచ్చింది. నేనేమో అప్పట్లో కొత్త డాక్టర్ని. పట్టా చేతికొచ్చాక ఇంకా నేర్చుకునేదేముందన్న ధీమాలో ఉన్న రోజులవి.

కొండల్లోని ఓ పల్లె నుంచి మిల్లు పనికొచ్చిన ఆదివాసీ సోమాభాయికి బీపీ మరీ ఎక్కువ. వాళ్ల అన్న అప్పటికే గుండెపోటుతో పోయాడు. "ఉప్పూ నూనే తగ్గించు. నీ కూర విడిగా వండించుకో" అని గట్టిగా చెప్పి మాత్రలు రాసిచ్చాను. అంతే, మనిషి మళ్లీ కనిపించలేదు. "చెప్పిన మాట వినరు, వీళ్లింతే" అని విసుక్కున్నాను.

అక్క నన్ను కడిగేసింది.

"ఏంది డాక్టర్ సాబ్, గట్లంటరు? వాళ్లింట్ల అందరిదీ ఒక్కటే గిన్నె. వెలేసినోనికే వేరే వండి పెడ్తరు. మీరు ఆయనను ఇంట్లకెల్లి ఎల్లగొట్టినట్టే. ఇంక ఎట్లొస్తడు?"

ఆ ఆదివారం నన్ను సోమాభాయి ఇంటికి లాక్కెళ్లింది. సోమాభాయి గడప దగ్గర ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. కూర్చున్నా ఆయాసమే. అక్క అతని జోలికి పోకుండా నేరుగా పొయ్యి దగ్గర చేరి, అతని భార్యతో హిందీలో మాట కలిపింది. ఊళ్లో ఉన్నప్పుడు రాగిరొట్టె, పప్పు, ఆకుకూర తినేవాళ్లట. ఇక్కడ పొద్దున టీతో నూనెలో వేయించిన గాంఠియా, సాయంత్రం నూనె తేలే కూర. "నీదీ పిల్లలదీ గుండె కాదా? అందరికీ ఇదే వండు" అని, దగ్గరుండి ఉప్పు తక్కువగా పప్పు చేయించింది. తాను ముందు తిని, నా వైపు పళ్లెం తోసింది.

"తినుండ్రి సాబ్. రాసిచ్చినోళ్లు జర రుచి సూడాలె గద."

చప్పిడి పప్పు రుచించకపోయినా, సిగ్గుతో తలవంచుకుని తిన్నాను. నన్నే చూస్తున్న సోమాభాయి లేచి వచ్చి మా పక్కన కూర్చున్నాడు. భార్య అతనికీ పిల్లలకీ అదే గిన్నెలోంచి వడ్డించింది. మర్నాడు మాత్రల కోసం తనంతట తానే వచ్చాడు.

సోమాభాయి ఇప్పటికీ మిల్లుకి నడిచే వెళ్తున్నాడు. అక్క రిటైరై ఆదిలాబాద్ వెళ్లిపోయింది. గుండె గురించి నాకు పాఠాలు చెప్పినవాళ్లు చాలామంది. నా తల వంచి నన్ను డాక్టర్ని చేసింది మాత్రం ఆవిడే. ఇప్పుడు బీపీ మనిషి ఒంటరిగా వస్తే, మాత్రలు రాసి ఊరుకోను. "రేపు ఇంట్లో అందర్నీ తీసుకురా" అంటాను. బయట వరుస పెరిగిపోతోందని కాంపౌండర్ గొణుగుతాడు. గొణగనీ.