సెన్సారప్పకు ఆశీర్వాదాలు

పత్తికొండ బజారులో బొరుగులమ్మే ఈరక్క ఒక్కరితోనే మాట్లాడగా చూసినవాళ్లు లేరు. మొదలుపెట్టేది ఒకరితోనే. కానీ మాట వినపడేంత దూరంలో ఎవరున్నా వాళ్లను కూడా అందులోకి లాగితే తప్ప ఆమెకు తోచదు. “మా ఇంట్లో కందిబేడలు ఉడకల్యా సోమక్కా” అని పక్కింటామెతో అంటూనే, వీధిలో పోయే బండిని ఆపి, “ఏమప్పా, మీ ఇంట్లో ఉడుకుతాండాయా?” అని అడిగేది. పేరు తెలియకపోతే పనికే ‘అప్ప’ తగిలించేది. తాసిల్దారు ఆమెకు తాసిల్దారప్ప.

ఒకసారి కర్నూలు బస్సులో ముందు సీటులో కూర్చుని, పక్కామెకు తన కాన్పు కష్టం చెప్పుకొస్తోంది. డ్రైవరు వింటున్నాడు. వినే మనిషిని వదిలేయడం ఆమె వల్ల కాదు. “ఏం డ్రైవరప్పా, నీ పెండ్లాంకు కానుపు సులువుగా అయ్యిందా?” అంది. “యాడక్కా, మూడు దినాలు...” అంటూ ఆయన వెనక్కి తిరిగాడు. బస్సు సద్దచేన్లోకి దిగింది. ప్రయాణికులంతా తిట్టడానికే ఆమె చుట్టూ చేరారు. గంట తిరిగేసరికి అందరి కాన్పులూ అందరికీ తెలిసిపోయాయి.

అట్లాంటి ఈరక్కకు ఒక్కడే కొడుకు, కంబన్న. మిలిటరీ ఆసుపత్రి దళంలో చేరి, యాభై మూడో సంవత్సరంలో కొరియా యుద్ధంలో గాయపడ్డవాళ్లను మోస్తున్నాడు. ఈరక్క ఆ దేశాన్ని కొర్రియా అనేది. కొర్రలు పండే దేశమే గనక పిల్లవాడు పస్తుండడని ఆమె ధైర్యం. ఆమెకు చదువు రాదు. ఉత్తరాలు చదివేదీ రాసేదీ బడిపంతులు శేషన్న అయ్యవారు. ఈ చాకిరీలో ఆయన వెంట్రుకలు సగం తెల్లబడ్డాయి, సగం రాలిపోయాయి.

మొదటి ఉత్తరంలోనే రెండుచోట్ల నల్లసిరా పూసి ఉంది.

“ఇదేంది అయ్యవారూ, చీమలు పారినట్ల?”

“సెన్సారు కొట్టేసినాడు ఈరక్కా. అది ఆఫీసరు పని. ఉత్తరాలన్నీ చదివి, చెప్పకూడని మాటలు కొట్టేస్తాడు.”

“అంటే మా తల్లీకొడుకుల మాటలు ఆయప్ప వింటాండాడు!”

“అట్లే అనుకో.”

“వినే మనిషిని పలకరించకుండా ఎట్ల? రాయి. సెన్సారప్పకు ఈరక్క ఆశీర్వాదాలు. తిన్నావా నాయనా?”

“అది పేరు కాదు తల్లీ, పని!”

“తాసిల్దారప్పది మాత్రం పేరా? రాయి అయ్యవారూ.”

అయ్యవారు రాశాడు. ఆ రోజునుంచి ఆయనకు నిద్ర కరువైంది. చేతిరాత తనది. మిలిటరీవాళ్లు జీపేసుకుని వస్తే బడికే వస్తారు. ఈరక్కకు ఆ చింత లేదు. ప్రతి ఉత్తరంలో సగం కొడుక్కి, సగం సెన్సారుకి. “కంబన్నా, మన ఎనుము ఈనింది. సెన్సారప్పా, నీకు జున్నంటే ఇష్టమా? కంబన్నా, మన కర్నూలు రాజధాని అయితాదంట. సర్కారు కచేరీలకు ఇండ్లు చాలక గుడారాలు ఏస్తారంట. ఆడ నువ్వూ గుడారంలోనే, ఈడ దొరలూ గుడారంలోనే. సెన్సారప్పా, ఇది మాత్రం కొట్టేయొద్దు, పేపర్లో పడింది.”

ఆషాఢంలో వచ్చిన ఉత్తరం విప్పి అయ్యవారు ఉలిక్కిపడ్డాడు. అది కంబన్న చేతిరాత కాదు. ‘అమ్మా, నా కుడిచెయ్యి’ అని ఉంది. తర్వాత నాలుగు వరుసలు నలుపు. ఆ కింద, ‘నువ్వు దిగులు పడొద్దు’.

బజారంతా ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఒకరు వేళ్లన్నారు, ఒకరు మోచెయ్యన్నారు. ఈరక్క ఎవరితోనూ మాట్లాడలేదు. అడిగినవాళ్లకు బొరుగులు కొలిచి పోసింది, అంతే. పత్తికొండకు భయం వేసింది. మూడోనాడు ఆమె బడికి వచ్చింది.

“ఈ పొద్దు కంబన్నకేం రాయొద్దు. సెన్సారప్పకొక్కనికే రాయి.”

అయ్యవారు కలం తీశాడు.

“సెన్సారప్పా, యాడ జరిగిందో, ఎట్ల జరిగిందో నాకొద్దు. అది నువ్వు కొట్టేసేదే న్యాయం. చెయ్యి ఉండాదా, ల్యాదా? చెప్పేకి నీ కొలువు ఒప్పుకోకుంటే మాటలు వద్దు. ఆ కొట్టేసే సిరాతోనే ఒక చుక్క పెట్టు, నాకు అర్థమైతాది. నావల్ల నీ కొలువుకు మాత్రం మాట రానీయొద్దు నాయనా.”

రాస్తున్న అయ్యవారికి అక్షరాలు మసకబారాయి.

నలభై రెండు దినాలకు పోస్టుమాను ఓబన్న ఉత్తరం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అయ్యవారు విప్పితే అందులో చుక్క లేదు. కాగితం నిండా నల్లసిరాలో ముంచి అద్దిన అరచెయ్యి ఉంది! సోమక్క వేళ్లు లెక్కపెట్టింది. ఓబన్న మళ్లీ లెక్కపెట్టాడు. నమ్మకం చాలక బజారంతా వంతులవారీగా లెక్కపెట్టింది. ఎవరు లెక్కపెట్టినా ఐదే. ఈరక్క ఆ అచ్చుమీద తన చెయ్యి ఆనించి ఒక్క క్షణం కూర్చుంది. తర్వాత లేచి బొరుగుల మూట విప్పి వీధిలోకి గుమ్మరించింది.

“తినండప్పా! ఈ పొద్దు దుడ్లు ఇచ్చినోనికి చెప్పుదెబ్బ!”

కాగితం వెనక నాలుగు మాటలున్నాయి. అయ్యవారు పైకి చదివాడు. ‘అమ్మా, కంబన్న చెయ్యి విరిగింది, అతుక్కుంది. ఈ అచ్చు దానిదే. ఆ ఉత్తరం అతను చెబుతుంటే రాసింది నేనే. తర్వాత సెన్సారుకు కూర్చుని చూస్తే అందులో చోటు పేరుంది. నేను రాసింది నేనే కొట్టేశాను. ఆ ఊపులో చెయ్యి నయమవుతుందన్న మాట కూడా పోయింది. తప్పు నాదే. ఇండ్లనుంచి వచ్చే ఉత్తరాలు చూడటం నా పని కాదు. మీవి మాత్రం కంబన్నను బతిమాలి చదువుకుంటాను. నాకు రాసేవాళ్లు లేరు. జున్నంటే శానా ఇష్టం. ఇట్లు, లెఫ్టినెంటు ఏసురాజు, నంద్యాల.’

“చూస్తివా ఈరక్కా!” అన్నాడు అయ్యవారు, గెలిచినంత సంబరంగా. “ఆయన పేరు ఏసురాజు. సెన్సారనేది పేరు కాదని మొదట్నుంచీ మొత్తుకుంటాండా.”

“నాకు తెల్దా అయ్యవారూ?” అని ఈరక్క నవ్వింది. “తొమ్మిదేండ్లకే బళ్లారి సీమనుంచి ఈ ఊరికి కోడలుగా వస్తి. తెలుగు ఒక్క ముక్క రాదు. అందరూ నా ముందరే మాట్లాడుకుంటాండ్రి, నగుతాండ్రి. నన్ను పలకరించినోళ్లు ల్యా. రెండేండ్లు మూల నిలబడుకోని వింటి. ఊరందరి అమ్మల మాటలూ చదివేటోడు గదా, వానికీ అట్లే ఉంటాదనుకుంటి. పలకరించేకి పేరు తెలిసుండాల్నా ఏమి?”

ఆ సాయంత్రం అయ్యవారు ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, కాగితం మడవబోయి ఆగాడు. అటూ ఇటూ చూసి, అడుగున మిగిలిన వేలెడు చోటులో తన మాటగా ఇంకో వరుస ఇరికించాడు.

‘నాయనా ఏసురాజూ, ఈ ఉత్తరాలు రాసేది నేనే, నా పేరు శేషన్న. నీకు పెండ్లయిందా?’