గీతకు జానెడు దూరం

ఫిబ్రవరి, శనివారం. కిరందుల్ నుంచి జగదల్‌పూర్, సాయంత్రానికి తిరిగి కిరందుల్.

వెళ్ళినవాళ్ళం: నేను, మడకం లచ్చయ్య, అతని కూతురు సుక్కి, బండి నడిపిన సుక్కి భర్త. అక్కడ కలిసింది: సుక్కి కూతురు గంగ.

ఏ రోజు సంగతి రాసినా ముందు తేదీ, ఆ తర్వాత ఎవరెవరు ఉన్నారో రాయడం ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నాకు అలవాటు. అయితే ఇది డైరీ కాదు. డైరీలో నాకు నేను చెప్పుకుంటాను. ఇది మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు. ఒక అబద్ధం నా ఛాతీ మీద కూర్చుని నలభై ఏళ్ళు దాటింది. చాలా చిన్న అబద్ధం. నోరు తెరవకుండానే సగం చెప్పేశాను. మిగతా సగానికి రెండు మూడు మాటలు ఖర్చయ్యాయి, అంతే. దాన్ని మోస్తూనే ఉద్యోగం చేశాను, భార్యను సాగనంపాను, ముసలివాణ్ణయ్యాను. నిన్న దించాను. దిగిందా? అది చివర చెబుతాను.

ముందు లచ్చయ్య ఎవరో చెప్పాలి. అతనిది దక్షిణ బస్తర్‌లో కోంటా వైపు, భేజ్జి దగ్గర పల్లె. దోర్ల తెగ కుటుంబం. ఇంట్లో దోర్లీ, నాతో తెలుగు, బజారులో హిందీ. కుర్రతనంలోనే పని వెతుక్కుంటూ కిరందుల్ వచ్చి, అక్కడి ఇనుప గని మీద ఠేకేదార్ల కింద, అంటే కాంట్రాక్టర్ల కింద, కూలీగా చేరాడు. నేను శ్రీకాకుళం నుంచి వచ్చి అదే గని ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. నాకంటే పదేళ్ళు చిన్న. మొదటి రోజు నుంచీ నన్ను "అన్నా" అనే పిలిచాడు.

ఒక వానాకాలం నా భార్యకు జ్వరం తలకెక్కి ఒంటిమీద తెలివి లేకుండా పోయింది. వాగు పొంగి బండి రాలేదు. ఆమెను మంచంతో సహా ఎత్తి ఆసుపత్రి దాకా మోసిన నలుగురిలో ముందు కోడు పట్టినవాడు లచ్చయ్య. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. ఆ ఏళ్ళన్నీ నాకు అతను ఇచ్చినవే. ఆమె పోయాక నేను పొయ్యి వెలిగించడం మానేస్తే, నెల రోజులు సుక్కి చేత గిన్నెలో అన్నం పంపించాడు. ఎండాకాలం వస్తే తునికిపళ్ళు, సారపప్పు. ఎన్నడూ నన్ను ఏమీ అడగలేదు. నేనూ ఎన్నోసార్లు కృతజ్ఞతలు చెప్పాను. ప్రతిసారీ ఆ మాట నా నోట్లో గడ్డి పరకలా అడ్డం పడేది. ఎందుకో ఇప్పుడు వినండి.

మొన్న లచ్చయ్య వచ్చి, మనవరాలు గంగ జగదల్‌పూర్‌లో రగ్బీ ఆడుతోందని, రమ్మని పిలిచాడు. గంగ అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆట రాజుల కాలం నాటి పాత మైదానంలో అన్నాడు. ఆ మైదానం పేరు వినగానే నాకు ఒళ్ళు నొప్పులని చెప్పి తప్పించుకోవాలనిపించింది. కానీ అతను అప్పటికే బండిలో నాకు కిటికీ పక్కన చోటు ఖాయం చేసి వచ్చాడు.

చీకటితోనే బయల్దేరాం. దంతెవాడ దాటి గీదంలో ఆగినప్పుడు లచ్చయ్యే దిగి చాయ్, వేడి భజియాలు తెచ్చి నా చేతికిచ్చాడు. బాస్తానార్ ఘాట్ మలుపుల్లో నాకు కడుపులో తిప్పుతుందని తెలుసు కాబట్టి ఒక నిమ్మకాయ కూడా జేబులో వేసుకొచ్చాడు. అంత మంచి ప్రయాణం ఈ మధ్య చేయలేదు. ఆ సంగతి నిజంగానే చెబుతున్నాను. ఆకాశం కడిగినట్టుంది. అడవి మీద మంచు మెల్లగా లేస్తోంది. నాకు ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంది. సంతోషం అంతగా ఉన్నప్పుడే ఆ బరువు ఎక్కువ తెలుస్తుంది.

మైదానం పెద్దగా మారలేదు. ప్రహరీ గోడకు కొత్త సున్నం. మెట్లు అవే, రాళ్ళు అరిగిపోయి మధ్యలో గుంటలు పడ్డవి. రాజకుటుంబం కూర్చునేదని చెప్పే మండపం మీద ఇప్పుడు మైకు పెట్టారు. ఒకప్పుడు కబడ్డీ గీతలు గీసిన చోట ఇప్పుడు పచ్చగడ్డి, రెండు వైపులా ఎత్తైన కర్రలు. బంతిని చూసి లచ్చయ్య, "ఏంది అన్నా, ఏ కోడి పెట్టిందో గాని ఇంత గుడ్డు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

ఆట గురించి సుక్కి నాకు వివరించింది. ఇది రగ్బీలో లీగ్ అనే రకమట. జట్టుకు పదమూడు మంది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, వెనక్కే అందించాలి. మనిషి మాత్రం ముందుకే పరిగెత్తాలి. అవతలివాళ్ళు పట్టి పడేస్తే లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి మళ్ళీ మొదలుపెట్టాలి. అలా ఆరుసార్లు పట్టుబడేదాకా బంతి మనదే. కబడ్డీ లాంటిదే గాని కూత లేదని సుక్కి అంది.

ఆట మొదలవక ముందు గంగ గోడ దగ్గరికి వచ్చింది. ఎత్తుగా, సన్నగా, కళ్ళలో చిరునవ్వు. నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. లచ్చయ్య ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి చెప్పిన మాట ఇది.

"ఆఖర్న జాగర్త బిడ్డా. ఎక్కువసేపు పట్టుకోని ఉరకకు. మనోళ్ళ దమ్ము గీతకు జానెడు దూరంల తెగుతది. నాది గట్లనే తెగింది."

"ఎరికే తాతా. చిన్నప్పటి సంది చెప్తనే ఉన్నవ్" అంది గంగ. నవ్వుతూనే అంది.

ఆట మొదలైంది. గంగ బాగా పరిగెత్తుతుంది. అది నాలాంటి తెలియనివాడికి కూడా కనిపించింది. ఒకసారి బంతి అందుకుని పక్క గీత వెంబడి దూసుకుపోయింది. ముందు ఒక్క పిల్లే అడ్డం. దాటేస్తుందని మేమంతా లేచి నిలబడ్డాం. దాటకుండా, ఎవరూ తాకకముందే, బంతిని వెనక్కి వేరే పిల్లకు ఇచ్చేసింది. ఆ పిల్ల దగ్గర బంతి జారిపోయింది. కాసేపటికి మళ్ళీ అదే చేసింది. ఉండబట్టలేక సుక్కి గట్టిగా విసుక్కుంది. లచ్చయ్య మాత్రం తృప్తిగా తలూపాడు.

"మంచిగనే చేసింది. తెగకముందే ఇచ్చింది" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. నలభై ఏళ్ళుగా నా అబద్ధం లచ్చయ్య దగ్గరే ఆగిందని అనుకుంటూ వచ్చాను. ఆగలేదు. గంగ కాళ్ళలోకి దిగింది. లచ్చయ్య పోయినా, నేను పోయినా అది అక్కడే ఉంటుంది.

ఇక ఆ పాత ఆట సంగతి. అప్పట్లో ఇదే మైదానంలో ఏటా కబడ్డీ పోటీలు జరిగేవి. బస్తర్ నలుమూలల నుంచీ జట్లు వచ్చేవి. ఒక్కొక్కరిది ఒక్కో కూత. గని ఉద్యోగుల టౌన్‌షిప్ కుర్రాళ్ళు కబడ్డీ కబడ్డీ అనేవారు. కోంటా వైపు వాళ్ళు చెడుగుడు చెడుగుడు అనేవారు. హల్బీవాళ్ళది, గోండీవాళ్ళది వేరే. ఎవరి కూతకూ అడ్డు చెప్పేవారు కాదు, దమ్ము తెగకుండా ఉంటే చాలు. అయితే అన్ని కూతలూ రెఫరీ చెవికి ఆనవు గదా. అందుకని కూతకు వచ్చినవాడి భాష తెలిసినవాణ్ణి ఒకణ్ణి మధ్య గీత పక్కన నిలబెట్టేవారు. అతని పని వినడమే. దమ్ము తెగితే చెయ్యెత్తాలి. ఎత్తాడంటే ఇక వాదన లేదు. నీ భాషవాడు నీకు అన్యాయం చెయ్యడని అందరి నమ్మకం.

ఆ ఏడు ఆఖరి ఆట టౌన్‌షిప్ జట్టుకూ, ఠేకా కూలీల జట్టుకూ పడింది. తెలుగు కూత వినడానికి నన్ను నిలబెట్టారు. గెలిపించినవాణ్ణి ఆటల కోటాలో పర్మినెంటు చేస్తారని చెప్పుకుంటున్నారు. పర్మినెంటు అంటే క్వార్టర్, ఆసుపత్రి, పిల్లలకు బడి. టౌన్‌షిప్ జట్టులో నా భార్య తమ్ముడు ప్రసాదు ఉన్నాడు. ఉద్యోగం లేక మా ఇంట్లోనే ఉండేవాడు. కూలీల జట్టులో లచ్చయ్య.

ఆఖరి కూత లచ్చయ్యది. ఇద్దరిని తాకి వెనక్కి తిరిగాడు. ప్రసాదు నడుం పట్టి పడేశాడు. లచ్చయ్య మట్టిలో పాకాడు. అతని నోరు నేలకు ఆనుకుంది. చెడుగుడు అన్న మాట సన్నగా, మట్టిలోంచి వస్తున్నట్టు వినిపిస్తూనే ఉంది. నా పాదాల దగ్గరే. అతని వేళ్ళు గీతను దాటాయి. ఒంటి మీద అందరూ పడి ఉన్నారు కాబట్టి ఆ వేళ్ళు నాకు తప్ప ఎవరికీ కనబడలేదు. కూత అప్పటికీ ఆగలేదు. నేను విన్నాను. ప్రసాదు తలెత్తి నా వైపు చూశాడు.

నేను చెయ్యెత్తాను.

ఆలోచించి ఎత్తానా? ఆలోచించలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. మామగారి ముఖం, ఇంట్లో ఇరుకు, తమ్ముడికి ఈ ఉద్యోగం రావాలని భార్య పొద్దున అన్న మాట, అన్నీ ఆ క్షణంలో కనిపించాయి. అన్నీ చూసుకునే ఎత్తాను.

లచ్చయ్య లేచి ఒళ్ళు దులుపుకుని నా దగ్గరికి వచ్చాడు. కోపంగా కాదు. తెలుసుకోవాలని వచ్చాడు. "ఏడ తెగింది అన్నా? నాకు తెలువలే" అన్నాడు. అప్పుడైనా తడబడి ఉంటే బాగుండేది. నా నోరు తొణక్కుండా చెప్పింది: "గీతకు జానెడు దూరంలో."

ఆ జానెడు నేను కల్పించింది. అతను దాన్ని నమ్మి, ఇంటికి తీసుకుపోయి, పెళ్ళాం పిల్లలకు చెప్పుకున్నాడు. మళ్ళీ కూతకు వెళ్ళలేదు. ప్రసాదుకు ఉద్యోగం వచ్చింది. లచ్చయ్య నడుం వంగేదాకా ఠేకా కూలీగానే ఉన్నాడు. ప్రసాదు రిటైరై విశాఖలో ఉంటున్నాడు. ఆ రోజు మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కూత వాడికీ వినిపించే ఉంటుంది.

నిన్న సగం ఆట అయ్యి పిల్లలు నీళ్ళు తాగడానికి వెళ్ళారు. సుక్కి, ఆమె భర్త గంగ దగ్గరికి వెళ్ళారు. లచ్చయ్య వేరుశనక్కాయలు వొలిచి సగం గింజలు నా అరచేతిలో పోస్తున్నాడు.

"లచ్చయ్యా, ఆ రోజు నీ దమ్ము తెగలేదు."

"ఏ రోజు?"

"ఇక్కడే. నీ వేళ్ళు గీత దాటాయి. కూత ఆగలేదు. నేను విన్నాను. విని చెయ్యెత్తాను."

అతను వొలవడం ఆపలేదు. "జానెడు దూరంల అన్నవు గద" అన్నాడు.

"జానెడు లేదు. ఏమీ లేదు. ప్రసాదు ఉద్యోగం కోసం అబద్ధం చెప్పాను."

చేతిలోని కాయలు పక్కన పెట్టాడు. నేను కోపానికి సిద్ధపడి ఉన్నాను. తిట్టినా, కొట్టినా నాకు తేలికగా ఉండేది. అతను గొంతు పెంచకుండా, నాతో కాదన్నట్టు, ఒకటే అన్నాడు.

"పిల్లకు గూడ గదే నేర్పిన."

ఈల వేశారు. పిల్లలు మళ్ళీ మైదానంలోకి వచ్చారు. మిగతా ఆట నేను చూడలేదు, చూస్తున్నట్టు కూర్చున్నాను. గంగ వాళ్ళు ఓడిపోయారు. మోకాళ్ళు గీరుకుపోయి, మట్టితో, నవ్వుతూ వచ్చింది. లచ్చయ్య ఆ మోకాళ్ళు తుండుగుడ్డతో తుడిచాడు. తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో అల్లుడి పక్కన కూర్చున్నాడు. గీదంలో నా చాయ్ సుక్కి తెచ్చి ఇచ్చింది. ఏమైందని ఆమె కళ్ళతోనే అడిగింది. నేను తల తిప్పుకున్నాను.

ఇంటికి వచ్చి పడుకున్నాను. బాగా నిద్రపట్టింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, పట్టింది.

ఈరోజు ఆదివారం. పొద్దున్నే నేను వాకిలి ఊడుస్తుంటే లచ్చయ్య వచ్చాడు. లోపలికి రమ్మన్నాను. రాలేదు. గేటు అవతలే నిలబడ్డాడు.

"సారూ" అన్నాడు.

ఇన్నేళ్ళలో అతను నన్ను ఆ మాటతో పిలవడం ఇదే మొదటిసారి.

"గంగకు రాత్రి ఫోన్ల చెప్పిన. నమ్ముతలేదు. నేను ఓడిపోయిన్నని కత అల్లి చెప్తున్నవ్ తాతా అంటది. మీరు చెప్పాలె."

ఇప్పుడే ఫోన్ చెయ్యి, చెబుతాను అన్నాను.

"ఫోన్ల కాదు. ఆనాడు మంది ముంగట చెయ్యెత్తిన్రు. అప్పుడు నాతోని ఆడినోళ్ళు బస్తీల ముగ్గురున్నరింక. సాయంత్రం ఆళ్ళను పిలుస్త. ఆళ్ళ ముంగట చెప్పున్రి. పిల్ల ఫోన్ల ఇంటది. అందరు ఇన్నంక నమ్ముతది."

"వస్తాను."

"ప్రసాదు బాబు పేరు గూడ చెప్పాలె."

నా భార్య తమ్ముడు. "చెబుతాను" అన్నాను.

అతను తలూపి వెళ్ళిపోయాడు. క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. మళ్ళీ అన్నా అంటాడో లేదో తెలియదు. అనకపోవడమే న్యాయం. అయినా నా మనసులో ఉన్నది ఎక్కువగా కృతజ్ఞతే. మంచం మోసిన భుజానికి, అన్నం గిన్నెకు, నిన్నటి నిమ్మకాయకు. అన్నిటికంటే, ఈ పొద్దున గేటు దాకా నడిచి వచ్చి నన్నొక పని అడిగినందుకు. అడగకుండా వదిలేసి ఉంటే నేను ఏం చేసేవాణ్ణి?

బరువు దిగిందా అన్నది చివర చెబుతానన్నాను: నిన్న సగమే దిగింది, మిగతా సగం సాయంత్రం బస్తీలో దించాలి. అక్కడ నోరు తడబడకూడదని ముందుగా మీకు చెప్పుకున్నాను. బస్తీలో ఎక్కువ మాట్లాడను. కారణాలు చెప్పను. నా పేరు చెప్పి, ప్రసాదు పేరు చెప్పి, ఆ తర్వాత ఇంత మాత్రమే అంటాను: లచ్చయ్య దమ్ము తెగలేదు. నేను విన్నాను. తెగిందని అబద్ధం చెప్పాను.