తొండుపల్లి బట్టీలో గట్టి గోధుమ

మా చెల్లెలి కూతురు మాధవి ఉత్తరాదిలో గోధుమ జన్యువుల మీద పరిశోధన చేస్తుంది. సెలవు అయిపోయి సాయంత్రం విమానానికి బయల్దేరుతుంటే నేనూ తోడు వెళ్లాను. నా అసలు పని దారిలో, తొండుపల్లిలో ఉంది. అక్కడ నా స్నేహితురాలు నసీమ్ బిస్కెట్లు కాల్చి అమ్ముతుంది. ఈ మధ్య అవి రాళ్లలా వస్తున్నాయని బట్టీయే అమ్మేస్తానంది. కొనేవాళ్లు ఆ సాయంత్రమే వస్తున్నారు.

అత్తాపూర్‌లో భోంచేసి ఒంటిగంటకు బస్సెక్కాం. ఆడవాళ్లకు జీరో టికెట్టే కాబట్టి చిల్లర గొడవ లేదు. ఆరాంఘర్‌లో బస్సు మారి, శంషాబాద్‌లో షేర్ ఆటో పట్టుకున్నాం. మాధవి ఒళ్లో సంచి చూసి పక్కనున్న పెద్దమ్మ ఏంది బిడ్డా అది అంది. నసీమ్ బాధ ఫోన్‌లో చెబితే మాధవి ఉత్తరాది నుంచి తెచ్చిన మెత్తరకం గోధుమపిండి అది. పిండి అనగానే, "విమానంల రొట్టెలు చేస్కుంటవా?" అని పెద్దమ్మ నవ్వింది.

నసీమ్ చాయ్ ఇచ్చింది గానీ ముఖం వాడిపోయి ఉంది. "నా చెయ్యే ఖరాబైందక్కా. ఇగ బిస్కెట్ నాకు రాదు," అంది. ఏ గోధుమ వాడుతున్నారని మాధవి అడిగితే, ఈ మధ్యే దీనికి మారానంటూ బన్సీ గోధుమ సంచి విప్పి చూపించింది. బంగారు రంగు గింజ, ఖరీదైనది. కాటేదాన్ మిల్లులో దగ్గరుండి పట్టించిందట. మంచి గింజయితే మంచి బిస్కెట్ వస్తుందని ఎవరనుకోరు? నేనూ శభాష్ అన్నదాన్నే.

మాధవి ఒక గింజ కొరికింది. టక్కుమంది. మెత్త గోధుమలో రెండు జన్యువులు ఉంటాయట. రెండూ సరిగా పనిచేస్తే లోపలి పదార్థాలు గట్టిగా అంటుకోవు, గింజ ఇట్టే నలుగుతుంది. ఏ ఒక్కదాని రాతలో ఒక్క అక్షరం మారినా గింజ గట్టిపడవచ్చు. బన్సీలో ఆ జతే లేదు. గట్టి గింజను ఆడిస్తే రేణువులు దెబ్బతిని, పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది. బిస్కెట్ బిగుసుకుపోతుంది.

"మరి నా చెయ్యి?" అంది నసీమ్.

"మీ చేతి తప్పేం లేదాంటీ. ఇది రవ్వకు పనికొచ్చే గింజ."

మాధవి తెచ్చిన పిండిని అవే చేతులు కలిపాయి. బట్టీలోంచి తీసిన బిస్కెట్ నోట్లో కరిగిపోయింది. నసీమ్ దుపట్టాతో కళ్లొత్తుకుంది. ఇలాంటి పిండి కోసం కాటేదాన్ మిల్లులోనే మెత్తరకం గోధుమ కావాలని అడగమంది మాధవి. నెత్తిమీద విమానాలు పోతుంటే నేను మాత్రం అరచేతిలో గింజను చూస్తూ ఉండిపోయాను. కంటికి ఆనని రెండు జన్యువులు లేకపోతే ఇంత జరుగుతుందా అనిపించింది.

మాధవిని విమానాశ్రయంలో దించి, శంషాబాద్ వచ్చి ఇంటికి బస్సెక్కాను. సీటు దొరకగానే నసీమ్‌కు ఫోన్ చేశాను.

"కొనేటోళ్లు వచ్చిన్రు అక్కా," అంది. "చాయ్ బిస్కెట్ పెట్టి వాపస్ తోలిచ్చిన."