వల్లి కలుపుకున్న ఆరేళ్ళు

మా వీధి వల్లికి యాభై నాలుగేళ్ళు. ఆమె కార్డుకి అరవై. మనిషీ కార్డూ ఎదురెదురుగా నిలబడి చెరో మాట చెబితే ఎవరి మాట నెగ్గుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఏ ఆఫీసు మెట్లయినా ఒక్కసారి ఎక్కి దిగినవాళ్ళకు ఆ జ్ఞానం దానంతటదే వస్తుంది.

మాది తమిళ ఊళ్ళో తెలుగు వీధి. వల్లి వ్యాసర్పాడి పక్కనున్న యార్డులో రైలు బోగీలు కడుగుతుంది. రైల్వే ఉద్యోగం అనుకునేరు. రైలు రైల్వేది, మురికి ప్రయాణికులది, వల్లి కాంట్రాక్టు కంపెనీది. ఆమె చేరినప్పటి నుంచి ఆ కాంట్రాక్టు అయిదు చేతులు మారింది. వచ్చిన ప్రతివాడూ కొత్త రంగు చొక్కా తొడిగించి, కొత్త కార్డు మెడలో వేలాడదీసి, పాత చీపురే చేతికిచ్చాడు. రెండు రాత్రులు ప్రయాణం చేసి వచ్చిన బోగీలో పెద్దమనుషులు ఏమేం వదిలి దిగిపోతారో రాయడానికి నా కలం మొరాయిస్తుంది. ఆమె చెయ్యి ముప్పయ్యెనిమిదేళ్ళుగా మొరాయించలేదు.

ఇక ఆ ఆరేళ్ళ తేడా సంగతి. వల్లి తల్లి పోలమ్మ కూడా ఆ యార్డులోనే పనిచేసేది. వల్లికి పదహారేళ్ళప్పుడు పోలమ్మ బోగీ మెట్టు మీంచి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ రోజుల్లో ఎవరి చీపురు వాళ్ళ ఇంటిది. తల్లి పడితే కూతురో, అత్త పడితే కోడలో మరునాటికల్లా వెళ్ళి అందుకోవాలి. లేకపోతే మేస్త్రీ దాన్ని ఇంకో ఇంటికి ఇచ్చేస్తాడు. అప్పటి మేస్త్రీ చిన్నసామి వల్లిని ఎగాదిగా చూసి పోలమ్మకు ఉపాయం చెప్పాడు.

"పద్దెనిమిది అని రాస్తే బడి సర్టిఫికెట్ అడుగుతారు. ఇరవై రెండు అంటే ఎవడూ అడగడు. పెళ్ళైనదాని మాదిరి తయారు చేసి పంపు."

పోలమ్మ తన చీర కట్టించింది, కొప్పు వేసింది, తన కాలి మెట్టెలు తీసి పిల్ల వేళ్ళకు తొడిగింది. వదులై జారిపోతుంటే వాటికి దారం చుట్టింది. పెళ్ళికాని పిల్ల మెట్టెలతో, ఆరేళ్ళ ఎక్కువ వయసుతో, బకెట్టు పట్టుకుని బోగీ ఎక్కింది. మా వీధిలో ఇదేమీ వింత కాదు. యార్డుకు పనికి వెళ్ళే ప్రతి ఆడపిల్లనీ ఇరుగుపొరుగు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కలిపినారు?" అనే. వల్లికి కాస్త ధారాళంగా కలిపారు, అంతే.

ఆ ఇరవై రెండు హాజరు పుస్తకంలోకి ఎక్కింది. దాన్ని చూసి రేషను కార్డు రాశారు, రేషను కార్డు చూసి ఓటరు కార్డు, ఓటరు కార్డు చూసి ఆధార్. ఒక్క అబద్ధానికి అంతమంది పిల్లలు పుట్టి, అందరూ సర్కారు ముద్రలతో దర్జాగా పెరిగారు. నిజం వయసుతో మిగిలింది వల్లి ఒక్కతే.

ఆ నిజం వయసైనా ఆమె మొహంలో కనిపించదు. తల నల్లగా ఉంటుంది, నడుము నిటారుగా ఉంటుంది. చీపురు పట్టుకుని బోగీ మెట్లు ఎక్కితే వెనకాల వచ్చే ముప్పయ్యేళ్ళవాళ్ళు ఆగి ఊపిరి తీసుకుంటారు. యార్డు గేటు దగ్గర ఈమధ్య ఒక ఫోను పెట్టారు. దానికి మొహం చూపించి, మెడలో కార్డు చూపిస్తే హాజరు పడుతుంది. ఫోను పక్కన నిలబడే గార్డుకి రోజూ అదే అనుమానం.

"ఇది నీ కార్డేనా, మీ అమ్మది తెచ్చినావా?"

"మా యమ్మది కాదు, మా అవ్వది. తియ్యి దారి" అనేది వల్లి. ఆ మాట అనడానికే ఆమె పనికి వెళుతోందా అనిపించేంత ధీమాగా అనేది.

మే నెలలో ఆ ధీమా మీద నీళ్ళు పోశారు. జూన్ ముప్పయ్యో తేదీకి మీకు అరవై నిండుతున్నాయి, ఆ రోజుతో మీ సేవలు చాలు అని ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చారు. అది పట్టుకుని ఆమె నా దగ్గరికి వచ్చింది. నేను వెంకట్రామ్‌ని. కార్పొరేషను బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వీధిలో అందరికీ అర్జీలు రాసిపెట్టడం నా వ్యసనం. ఊరికే రాస్తాను కాబట్టి బాగా రాస్తానని ఒక పేరుంది.

"అయ్యోరా, నాకు అరవై ఏంది? పనిలో చేరేదానికి కలుపుకున్న ఆరేళ్ళు గదా అవి! అప్పుడిచ్చిన ఆరూ ఇప్పుడు తీసుకుంటామంటే ఎట్లా?" అంది. మొదట నవ్వుతూనే అంది. తర్వాత కాగితం మడతపెట్టి, "మొగుడు పోయి పదేళ్ళు. అమ్మను నేనే చూసుకోవల్ల. ఆ యార్డు తప్ప నాకు ఇంకో దారి తెలీదు" అని గోడకేసి చూసింది.

నేను ఛాతీ విరుచుకుని, "చిటికెలో పని, పద" అన్నాను. ఆ చిటికె ఇప్పటికీ నా చెవిలో మోగుతోంది.

ముందు కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి ఆఫీసరు మాధవ్ ముప్పై దాటని వాడు. ఇంట్లో తెలుగు, కుర్చీలో తమిళం, కోపం వస్తే ఇంగ్లీషు. మాకోసం తెలుగులోకి దిగాడు.

"మొహం చూస్తే నాకూ తెలస్తా ఉండాదిమా. మా అమ్మకి అరవై, ఆమె మేడ మెట్లు ఎక్కలేదు. అయితే సిస్టమ్‌లో అరవై ఉండాది కదా. సిస్టమ్ మొహం చూడదు."

"గేటు దగ్గర మొహం చూసే గదయ్యా హాజరు వేస్తున్నారు?" అన్నాను.

"అది వేరే సిస్టమ్ సార్" అన్నాడు. వాడి మొహంలో నవ్వు లేదు. వాడు నిజంగానే జవాబు చెప్పాననుకున్నాడు. తాలూకా ఆఫీసు నుంచి వయసు దిద్దిన కాగితం తెస్తే ఒక్క నిమిషంలో మార్చేస్తానని మాత్రం హామీ ఇచ్చాడు. ఆ ఒక్క నిమిషం కోసం మేం నెలరోజులు తిరిగాం.

తాలూకా ఆఫీసులో వయసుల బల్ల బాలకృష్ణన్ అనే గుమాస్తాది. తలెత్తకుండా మాట్లాడటం ఆయన ప్రత్యేకత. ఆయన నడినెత్తి మాకు ఎంత బాగా తెలుసంటే, మొహం చూస్తే గుర్తుపట్టలేకపోయేవాళ్ళం. పుట్టిన సర్టిఫికెట్ ఉందా అన్నాడు. గుడిసెలో పుట్టింది, లేదన్నాం. బడి సర్టిఫికెట్ ఉందా అన్నాడు. బడికి వెళ్ళాల్సిన వయసులో చెల్లెళ్ళను ఎత్తుకుంది, లేదన్నాం. "అయితే నీకు యాభై నాలుగని నీకెలా తెలుసు?" అని వల్లిని అడిగాడు. ఈ దేశంలో మనిషికి తన వయసు తెలియాలంటే కూడా ఆధారం కావాలి. తారీకు మార్చి మార్చి నాలుగుసార్లు రమ్మన్నాడు.

జూన్ ఇరవై రెండొచ్చింది. అప్పుడు నాకొక తెలివైన ఆలోచన తట్టింది. వల్లి తల్లి పోలమ్మ బతికే ఉంది. ఆమె ఆధార్ కార్డు నేను చూశాను. అందులో అరవై ఏడు. అదీ ఒక ముచ్చటే. వీధిలో కార్డుల శిబిరం పెట్టినప్పుడు, ఏ ఏడు పుట్టావని అడిగితే పోలమ్మ నీళ్ళు నమిలింది. కార్డు రాసేవాడు ఆమె జుట్టు కేసి చూశాడు. ఆ వంశానికి జుట్టు త్వరగా నెరవదు. తోచిన అంకె కొట్టి తర్వాతి మనిషిని పిలిచాడు. నిజానికి ఆమెకు డెబ్భై నాలుగైనా ఉంటాయి.

అదంతా నాకనవసరం అనుకున్నాను. తల్లికి అరవై ఏడు, కూతురికి అరవై. అంటే తల్లి ఏడేళ్ళకే కన్నదన్నమాట! ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి? రెండు కార్డుల నకళ్ళూ జతచేసి, తీసివేత లెక్క వేసి, ఏడు కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి, తమిళంలో ఒక అర్జీ రాశాను. రాసి, మురిసిపోయి, మా ఆవిడకు చదివి వినిపించాను కూడా.

మరునాడు పోలమ్మనూ ఆటో ఎక్కించుకుని వెళ్ళాం. ఆమె పెట్టెలోని చీర కట్టుకుంది. బాలకృష్ణన్ అర్జీ చదివాడు. మొదటిసారి తలెత్తి పోలమ్మను చూశాడు.

"అవ్వా, నీ వయసెంత?"

"నాకేం తెలుసు నాయనా. కాలవ పొంగిన ఏడు దీన్ని కన్నా. అప్పటికి నాకు పెళ్ళయి నాలుగేళ్ళు" అంది పోలమ్మ. నేను దాన్ని తమిళంలో చెప్పాను.

ఆయన పోలమ్మ కార్డు నంబరు కంప్యూటర్లో కొట్టాడు. తెర మీద ఏదో వచ్చింది. నా వైపు తిరిగాడు.

"ఈమెకు ముసలివాళ్ళ పింఛను వస్తోందే! మీ లెక్క ప్రకారం రెండు కార్డుల్లో ఒకటి తప్పు. సరే, కూతురికి యాభై నాలుగని దిద్దుతాననుకోండి. అప్పుడు తల్లి పదమూడేళ్ళకు కన్నట్టు. పెళ్ళయిన నాలుగేళ్ళకి కన్నానంటోంది, అంటే తొమ్మిదేళ్ళకు పెళ్ళి. అదీ పొసగదు. తల్లి కార్డు మీదా విచారణ వెయ్యాలి. తేలేదాకా పింఛను ఆపాలి."

"ఆమెకు ఇంకా ఎక్కువే సార్ వయసు! పింఛనుకు ఇంకా అర్హురాలే!" అన్నాను.

"ఎక్కువైనా తక్కువైనా తప్పు తప్పే. కలెక్టరాఫీసుకు వెళ్ళి రావాలి. ఎనిమిది నెలలో, ఏడాదో."

ముప్పయ్యేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. అరవై ఏడులోంచి అరవై తీశాను గానీ, యాభై నాలుగు తీసి చూడాలని తోచలేదు. నా బడిలో ఏ పిల్లవాడైనా ఇలా సగం లెక్క చేసి మురిసిపోతే బెంచీ ఎక్కించేవాణ్ణి.

వల్లికి నేను వివరించనక్కర్లేకపోయింది. పింఛను అన్న మాట, ఆపాలి అన్న మాట ఆమెకు తమిళంలోనే అర్థమయ్యాయి. తల్లి కేసి చూసింది. పోలమ్మ ఆ డబ్బుతో తన షుగరు మాత్రలు తానే కొనుక్కుంటుంది. కూతురి ముందు చెయ్యి చాచనని వీధంతా చెప్పుకుని తిరుగుతుంది. ఇంకో వారంలో ఆ కూతురికే పని ఉండదు. ఆరేళ్ళు తిరిగొస్తాయో రావో తెలియదు, పింఛను మాత్రం రేపే ఆగుతుంది.

"ఆ కాయితం వెనక్కి తీసుకోండి అయ్యోరా" అంది వల్లి. ఆ తర్వాత గుమాస్తాతో తమిళంలో, ఒక్కో మాటా నొక్కి చెప్పింది. "సార్, నాకు అరవయ్యే. మా యమ్మ నన్ను ఏడేళ్ళకే కనింది. రెండు కార్డులూ సరిగ్గానే ఉండాయి."

నేను ఆయన నవ్వుతాడనుకున్నాను. కనీసం పెదవైనా కదులుతుందనుకున్నాను. ఆయన ఒక తెల్లకాగితం నా ముందుకు తోసి, "అదే రాసివ్వండి" అన్నాడు. రాశాను. నా వయసు అరవై, మా తల్లి వయసు అరవై ఏడు, ఈ విషయంలో నాకు ఎట్టి ఫిర్యాదూ లేదు అని, వీధంతా మెచ్చుకునే నా దస్తూరీతో రాశాను. వల్లి సంతకం పెట్టింది. బాలకృష్ణన్ ముద్ర వేశాడు. ఎవరూ అడగనంత కాలం ఏడేళ్ళ పిల్ల బిడ్డను కనడానికి ఆ ఆఫీసుకు ఏ అభ్యంతరమూ లేదు.

పోలమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాను. వల్లి ఇంకా ఆ బల్ల దగ్గరే నిలబడి ఉంది.

"సార్, అరవై అయిపోయినాయి కదా. ముప్పయ్యో తేదీకి పని పోతా ఉండాది. ముసలోళ్ళ పింఛనుకు నేనూ అర్జీ పెట్టుకోవచ్చా?"

బాలకృష్ణన్ తలెత్తాడు. ఈసారి వల్లిని నిదానంగా, పైనుంచి కిందికి చూశాడు. నల్లటి జుట్టు చూశాడు, నిటారు నడుము చూశాడు.

"కార్డు ఉంటే సరిపోదమ్మా, మేం మనిషిని కూడా చూడాలి. నిన్ను చూస్తే అరవై ఉన్నట్టు లేవే! సర్కారు డాక్టరు దగ్గర వయసు సర్టిఫికెట్ తీసుకురా."

వల్లి బల్ల మీదికి వంగింది.

"ఇప్పుడు చెప్పినావే, అరవై ఉన్నట్టు లేనని. ఆ మాటే మా కంపెనీకి ఒక కాయితం మీద రాసిస్తావా సార్?"

ఆయన తల దించుకుని తర్వాతి టోకెను నంబరు పిలిచాడు.