తెల్ల పలక మీది వేలిముద్ర

మొన్న కాప్రాలో మా డాబా మీద నీళ్ల డ్రమ్ముకు కప్పిన ప్లాస్టిక్ పట్టా ఎత్తబోతే చేతిలోనే పొడిపొడి అయిపోయింది. రెండు వేసవుల ఎండకే ఇలా అయితే ఇక అంతరిక్షంలో తిరిగే వస్తువుల సంగతేమిటని, మన వయసువాళ్లకు ఉండే అలవాటు కొద్దీ, మనసు పాత ప్రయోగశాలకు వెళ్లిపోయింది.

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన నేను పెళ్లికి ముందే అందులో చేరాను. ఉపగ్రహాలకు పూసే తెల్లరంగు, చుట్టే పల్చని పొరలు పైన ఎంతకాలం నిలుస్తాయో చూడటం మా పని. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ జంటగా కాక ఒంటి పరమాణువుగా తిరుగుతూ ప్లాస్టిక్ పొరలను కొరుక్కు తింటుందనీ, అడ్డులేని ఎండ తెల్లరంగును పాలిపోయిన పసుపు చేస్తుందనీ నాకు నేర్పింది మౌలాలి నుంచి సైకిల్ మీద వచ్చే మా ల్యాబు పెద్దాయన. చర్మపు జిడ్డు అక్కడి ఎండకు మాడి మరకవుతుందని, పరీక్షకు రంగు పూసిన పలకను ఒట్టి చేత్తో ముట్టుకుంటే కసిరేవారు.

అలాంటి మనిషి, పైకి వెళ్లి తిరిగి దిగే అంతరిక్ష నౌకలో పెట్టవలసిన మా తెల్ల పలకను పెట్టెలో మూసేముందు, గ్లౌజు తీసి, తాకి, కళ్లకద్దుకున్నారు. నేను బిత్తరపోయి చూస్తుంటే, “గ్లౌజేసుకొని మొక్కితే మొక్కినట్టెట్లయితది బిడ్డా?” అని నవ్వారు. ఆ క్షణాన ఆయనకు జిడ్డు సంగతే గుర్తు రాలేదు. నాకు గుర్తుండీ, నేర్పిన ఆయనకే తప్పు చూపడానికి నోరు రాలేదు. అంతలో పెట్టెకు సీలు పడింది.

నౌక ఎగిరాక సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సు కోసం నిలబడి రోజూ ఆకాశం చూసేదాన్ని. గంటన్నరకోసారి భూమిని చుట్టివచ్చే ఆ పలక మీద, ఎవరి చెయ్యీ అందని చోట, ఆ మరక మాడుతోందని తెలిసి ప్రార్థన చేయడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది.

తిరిగొచ్చిన పలక మీద రంగు బాగానే నిలిచింది, మధ్యలో బొటనవేలి ముద్ర మాత్రం గోధుమరంగులో తేలింది. ఫలితం పనికిరాదన్నారు పై అధికారులు. పలక అప్పగించినట్టు రిజిస్టర్లో సంతకం నాది. నన్నింకా అడగకముందే పెద్దాయన లేచి, “అది నా వేలు సార్, పోరినేమనకుండ్రి” అన్నారు. రిటైరు కావడానికి నెల ఉందనగా, ముప్పై ఏళ్ల మంచిపేరు పోగొట్టుకుని, వీడ్కోలు సభ కూడా లేకుండా వెళ్లిపోయారు. నేను చూసీ ఆపలేదని అక్కడ ఒక్క మాట అనలేకపోయాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అలాంటి పలకలను యంత్రాలే అమరుస్తాయట. మరకలూ లేవు, మొక్కేవాళ్లూ లేరు. అవతల పారేస్తుంటే తెచ్చుకున్న ఆ పలక నా బీరువాలోనే ఉంది. అప్పుడు తుడుద్దామంటే చెయ్యి అందలేదు. ఇప్పుడు ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను, తుడవడానికి చేతులు రావడం లేదు.